గంట రేటు నిర్ణయం: అమెరికాలో ఒక స్వతంత్ర విమాన శిక్షకురాలి ఉదాహరణ

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు స్వయం ఉపాధిలో ఉన్న వ్యక్తి తన గంట రేటును ఖర్చుల నుంచి ఎలా లెక్కకట్టుకోవాలో వివరించగలుగుతారు. పనిచేసిన గంటకూ, బిల్లు వేయగలిగిన గంటకూ ఉన్న తేడాను చూపగలుగుతారు. గంటను కొలిచే పద్ధతి మారితే పని నాణ్యత కూడా ఎందుకు మారుతుందో చెప్పగలుగుతారు.

పరిచయం

పొలం చదును చేయించడానికి జేసీబీని పిలిచినవారికి గంట రేటు అంటే ఏమిటో కొత్తగా చెప్పనవసరం లేదు. మీటరు చూసి పని మొదలుపెడతారు, మీటరు చూసి ఆపుతారు. కానీ బండి పక్క ఊరి నుంచి పొలానికి వచ్చిన సమయం ఎవరి ఖాతాలో రాయాలి? వాన వచ్చి పని సగంలో ఆగితే ఆ రోజు ఎవరికి నష్టం? గట్టు ఎక్కడ వేయాలో రైతూ డ్రైవరూ మాట్లాడుకుంటున్నంతసేపు ఇంజిన్ ఆపాలా, నడుస్తూ ఉండాలా? ఇలాంటి ప్రశ్నలకు ప్రతి ఊరిలోనూ అలవాటుగా ఏర్పడిన జవాబులు ఉంటాయి. అవి న్యాయమైనవేనా అని ఎవరూ లెక్క వేసి చూడరు.

వస్తువు ధరను గురించి పాఠ్యపుస్తకాలు విస్తారంగా చెబుతాయి. ఒక మనిషి తన సమయానికి ధర కట్టుకోవడాన్ని గురించి చెప్పేది తక్కువ. సంపర్క తరగతులలో ట్యూషన్లు చెప్పుకొనేవారు, ఫొటోగ్రాఫర్లు, ఇంటి నుంచి డిజైన్ పని చేసేవారు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే: "సార్, నేను గంటకు ఎంత అడగాలి?" దానికి జవాబు వెతకడానికి ఈ పాఠంలో అమెరికాలో స్వతంత్రంగా విమానం నడపడం నేర్పే ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ వృత్తిని తీసుకొంటున్నాం. ఈ వృత్తిలో గంటను కొలిచే మీటరు కళ్ల ఎదుటే ఉంటుంది. సంపాదించగల గంటలకు చట్టం పరిమితి పెట్టింది. వాతావరణం ప్రతి వారం కొన్ని పాఠాలను మింగేస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, రేటు పద్ధతి తప్పుగా ఉంటే దాని ఫలితం డబ్బుతో ఆగదు. అది విద్యార్థి నేర్చుకొన్న దాంట్లోనూ, ఒక్కోసారి అతని క్షేమంలోనూ కనిపిస్తుంది.

ఈ వృత్తి ఎక్కడ, ఎలా నడుస్తుంది

మన దేశంలో పైలట్ లైసెన్సు కోసం శిక్షణ డీజీసీఏ ఆమోదించిన సంస్థలలోనే జరుగుతుంది. హైదరాబాదులో బేగంపేట విమానాశ్రయం నుంచి నడిచే శిక్షణ అటువంటిదే. అక్కడి శిక్షకుడు సంస్థ ఉద్యోగి. రేటు నిర్ణయించేది సంస్థ, జీతం ఇచ్చేదీ సంస్థే. కాబట్టి తన గంటకు తానే ధర కట్టుకొనే అవసరం అతనికి సాధారణంగా రాదు.

అమెరికాలో రెండు దారులు ఉన్నాయి. ఎఫ్ఏఏ నిబంధనలలో పార్ట్ 141 కింద ఆమోదం పొందిన పాఠశాలలు ఒక దారి. పార్ట్ 61 కింద సర్టిఫికెట్ ఉన్న శిక్షకుడు ఏ పాఠశాలతోనూ సంబంధం లేకుండా నేర్పడం రెండో దారి. ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్‌కు పార్ట్ 61 కింద కనీసం 40 గంటల ప్రయాణ అనుభవం కావాలి. అందులో శిక్షకుడు పక్కన కూర్చుని నేర్పినవి 20 గంటలు, విద్యార్థి ఒంటరిగా నడిపినవి 10 గంటలు తప్పనిసరి. 40 గంటలలోనే పూర్తిచేసేవారు అరుదు. అందువల్ల 60, 70 గంటలు వేసుకొని బడ్జెట్ కట్టుకోమని అనుభవజ్ఞులు చెబుతారు.

స్వతంత్ర శిక్షకుడికి సొంత విమానం ఉండనక్కరలేదు. విద్యార్థి ఫ్లయింగ్ క్లబ్బు నుంచి సెస్నా 172 వంటి చిన్న విమానాన్ని అద్దెకు తెచ్చుకొంటాడు, లేదా తన సొంత విమానంలో నేర్చుకొంటాడు. శిక్షకుడు అమ్మేది తన సమయాన్ని, తన విచక్షణను మాత్రమే. విమానాశ్రయం వాడుకొంటున్నందుకు కొన్నిచోట్ల ప్రత్యేక అనుమతి, బీమా పత్రం అడుగుతారు. ఆ రుసుము కూడా శిక్షకుడి ఖర్చే.

ఇక్కడ మన పాఠకులలో కొందరికి పనికివచ్చే మాట ఒకటి చెప్పాలి. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ వారాంతాలలో విమానం నేర్చుకొనే తెలుగువారు ఉన్నారు. అమెరికా పౌరుడు కాని వ్యక్తికి, స్థిరనివాసి అయినా సరే, మొదటి పైలట్ శిక్షణ ఇచ్చే ముందు అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి కావాలి. విద్యార్థి పౌరుడే అయితే ఆ సంగతిని శిక్షకుడు పత్రాలు చూసి నిర్ధారించుకోవాలి. ఈ పనికి పట్టే సమయానికి ఎవరూ విడిగా డబ్బు ఇవ్వరు. అలాగే హెచ్-1బి వీసా మీద ఉన్నవారు ఎంత అనుభవం సంపాదించినా, తమను నియమించుకొన్న సంస్థకు బయట డబ్బు తీసుకొని పాఠం చెప్పకూడదు. వారాంతపు సంపాదనగా దీన్ని ఊహించుకొనేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

మార్కెట్ రేటు ఎక్కడి నుంచి వస్తుంది

కొత్తగా పనిలో దిగినవారు మొదట చేసే పని పక్కవాడు ఎంత తీసుకొంటున్నాడో కనుక్కోవడం. అది తప్పు కాదు. అయితే పక్కవాడి రేటు అలా ఎందుకు ఉందో తెలియకపోతే ఆ అంకె దారి తప్పిస్తుంది.

2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది మరణించారు. దాని తరువాత 2010లో వచ్చిన చట్టాన్ని అనుసరించి, 2013 నుంచి విమానయాన సంస్థలలో కోపైలట్ కావడానికి కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం తప్పనిసరి అయింది. విశ్వవిద్యాలయాలలో విమానయాన పట్టా పొందినవారికి, సైన్యం నుంచి వచ్చినవారికి కొంత తగ్గింపు ఉంది. కూలిన విమానం నడిపిన ఇద్దరికీ అప్పటికే 1,500 గంటలకు మించిన అనుభవం ఉందన్న సంగతి మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అది మన పాఠానికి బయటిది.

మనకు కావలసింది ఆర్థిక ఫలితం. కమర్షియల్ పైలట్ సర్టిఫికెట్ 250 గంటల దగ్గర వస్తుంది. ఎయిర్‌లైన్ ఉద్యోగం 1,500 గంటల దగ్గర వస్తుంది. మధ్యలోని 1,250 గంటలను సొంత డబ్బుతో నింపుకోవడం చాలామందికి అసాధ్యం. పాఠం చెబుతూ ఎగిరితే ఆ గంటలు శిక్షకుడి లాగ్‌బుక్‌లో కూడా చేరతాయి. కాబట్టి యువ శిక్షకుడికి రెండు కూలీలు అందుతున్నాయి: ఒకటి డాలర్లలో, రెండోది గంటలలో. రెండోది విలువైనది కనుక మొదటిది తక్కువైనా ఒప్పుకొంటాడు. ద్రవ్యరూపంలో లేని ప్రతిఫలం ద్రవ్య వేతనాన్ని కిందికి లాగుతుందని శ్రమ మార్కెట్ పాఠాలలో చదువుకొన్నదే ఇక్కడ కనిపిస్తోంది. పెద్ద వకీలు దగ్గర జూనియర్లు నామమాత్రపు డబ్బుకు పనిచేయడం మన ఊళ్లలోనూ చూస్తాం.

ఇప్పుడు 50 ఏళ్ల శిక్షకురాలిని ఊహించండి. ఆమెకు ఎయిర్‌లైన్ ఉద్యోగం అక్కరలేదు, పాఠం చెప్పడమే జీవనాధారం. లాగ్‌బుక్‌లో చేరే గంటల విలువ ఆమెకు దాదాపు సున్నా. గంటల కోసం పనిచేసే యువకుడి రేటునే ఆమె కూడా అడిగితే రెండో కూలీని వదులుకొని మొదటి కూలీ మాత్రమే తీసుకొంటున్నట్లు. ఎయిర్‌లైన్లు జోరుగా నియామకాలు చేసే కాలంలో యువ శిక్షకులు వెళ్లిపోతారు, నేర్పేవారు కరువవుతారు, రేట్లు పెరుగుతాయి. నియామకాలు ఆగితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ఆమె వృత్తికీ ఎయిర్‌లైన్ల లాభనష్టాలకూ నేరుగా సంబంధం లేకపోయినా, ఆ గాలి ఆమె రేటుకు తగులుతూనే ఉంటుంది.

"అయితే శిక్షకులంతా కూర్చుని కనీస రేటు ఒకటి అనుకోవచ్చు కదా?" అని మీరు అడగవచ్చు. అనుకోకూడదు. 1890 నాటి షెర్మన్ చట్టం పోటీదారులు కలిసి ధర నిర్ణయించడాన్ని నిషేధించింది. మేధావృత్తులకు ఇది వర్తించదన్న నమ్మకం చాలాకాలం ఉండేది. 1975లో గోల్డ్‌ఫార్బ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ నమ్మకాన్ని తోసిపుచ్చింది. వర్జీనియా న్యాయవాదుల సంఘం అమలు చేసిన కనీస ఫీజుల పట్టిక చెల్లదని తీర్పు చెప్పింది. కాబట్టి ప్రతి స్వతంత్ర శిక్షకురాలూ తన లెక్క తానే వేసుకోవాలి.

లెక్క వేద్దాం

కింది అంకెలు ఉదాహరణ కోసం అనుకొన్నవి. పన్ను శాతాలు, మైలు రేటు మాత్రం నిజమైనవి.

మన శిక్షకురాలికి ఆదాయపు పన్నుతో సహా ఇంటి ఖర్చులకు ఏడాదికి 42,000 డాలర్లు, ఆరోగ్య బీమాకు 6,000 డాలర్లు, మొత్తం 48,000 డాలర్లు కావాలి. చాలామంది ఇక్కడే ఒక తొందరపాటు లెక్క వేస్తారు. ఏడాదికి 48 వారాలు, వారానికి 5 రోజులు, రోజుకు 8 గంటలు, అంటే 1,920 గంటలు. 48,000ను 1,920తో భాగిస్తే గంటకు 25 డాలర్లు. "నాకు గంటకు 25 వస్తే చాలు, 40 అడిగితే మిగులే" అనిపిస్తుంది.

ఈ లెక్కలో మూడు పొరపాట్లు ఉన్నాయి. మొదటిది, వృత్తి ఖర్చులు లేవు. ఇతరుల విమానంలో నేర్పేవారికి విడిగా బీమా కావాలి. విమాన యజమాని బీమా తననూ కాపాడుతుందని అనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే యజమానికి చెల్లించిన బీమా సంస్థే తరువాత శిక్షకురాలి మీద దావా వేయవచ్చు. దీనికి 900 అనుకొందాం. చార్టులు, యాప్‌లు, ఫోను 600. వైద్య పరీక్ష, సొంత నైపుణ్యం తుప్పు పట్టకుండా చేసుకొనే శిక్షణ 2,000. పన్ను లెక్కలు చూసేవారికి 500. వేర్వేరు విమానాశ్రయాలకు కారులో తిరిగేది 6,000 మైళ్లు. 2025లో అమెరికా పన్నుల శాఖ ఒప్పుకొన్న రేటు మైలుకు 70 సెంట్లు, అంటే 4,200. మొత్తం 8,200 డాలర్లు. కారు ఖర్చు తప్ప మిగిలినవి ఎక్కువగా స్థిర వ్యయాలే. ఒక్క విద్యార్థి ఉన్నా, పదిమంది ఉన్నా బీమా అంతే.

రెండోది, స్వయం ఉపాధి పన్ను. ఉద్యోగి అయితే సామాజిక భద్రత, మెడికేర్ పన్నులలో సగం యజమాని కడతాడు. స్వయం ఉపాధిలో రెండు సగాలూ తానే కట్టాలి. రేటు 15.3 శాతం. నికర ఆదాయంలో 92.35 శాతం మీద దీన్ని లెక్కిస్తారు కనుక నికర ఆదాయంలో సుమారు 14.13 శాతం అవుతుంది. ఈ పన్ను పోగా 48,000 మిగలాలంటే నికర ఆదాయం 55,900 ఉండాలి. ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే తప్పు 48,000కు 14.13 శాతం కలపడం. అలా కాదు. 48,000ను 0.8587తో భాగించాలి. దీనికి వృత్తి ఖర్చులు 8,200 కలిపితే ఏడాదికి రావలసిన వసూలు 64,100 డాలర్లు.

మూడో పొరపాటు అన్నిటికంటే పెద్దది. 1,920 గంటలకూ డబ్బు వస్తుందని అనుకోవడం. ఆమె రోజుకు రెండేసి గంటల పాఠాలు మూడు పెట్టుకొంది అనుకొందాం. మిగిలిన సమయం ప్రయాణాలకు, ఫోన్లకు, రికార్డులకు పోతుంది. శిక్షణ రికార్డులను మూడేళ్లు భద్రపరచడం నిబంధన కూడా. ఏడాదికి 720 పాఠాలు అవుతాయి. మబ్బులు, గాలి, మరమ్మతులో ఉన్న విమానం, జలుబు చేసిన విద్యార్థి కారణంగా నాలుగో వంతు రద్దయితే మిగిలేవి 540.

పాఠాలు పెంచి లోటు పూడ్చుకోవచ్చు అనుకొంటే అక్కడా హద్దు ఉంది. ఏ 24 గంటల వ్యవధిలోనైనా ఒక శిక్షకుడు 8 గంటలకు మించి విమాన శిక్షణ ఇవ్వకూడదు. కిరాణా దుకాణం తక్కువ లాభానికి ఎక్కువ సరుకు అమ్మి నిలబడగలదు. ఆమెకు ఆ దారి మూసి ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఆమె ఇంటి ఖర్చులు, ఆరోగ్య బీమా కలిపి 40,000 డాలర్లే అయితే ఏడాదికి రావలసిన వసూలు ఎంత? (సుమారు 54,800 డాలర్లు రావాలి.)

ఏ గంట?

540 పాఠాలు తేలాయి. ఇక భాగహారమే మిగిలింది అనిపిస్తుంది. కానీ ఒక్కో పాఠంలో ఎన్ని గంటలు ఉన్నాయి? ఈ పాఠం మొత్తానికి ఇదే కీలకం.

అద్దె విమానాలలో చాలావాటికి హాబ్స్ మీటరు ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ తిరుగుతూ గంటలో పదో వంతు చొప్పున, అంటే 6 నిమిషాలకు ఒక అంకె వేస్తుంది. కొన్నిచోట్ల ఇంజిన్ వేగాన్ని బట్టి తిరిగే టాకోమీటరు లెక్క వాడతారు. విమానం అద్దె మీటరు ప్రకారమే కనుక శిక్షకుడి రుసుమూ దాని ప్రకారమే ఇవ్వడం కొన్నిచోట్ల పాత అలవాటు. బిల్లు సులువు, తగాదా ఉండదు.

రెండు గంటల పాఠంలో ఇంజిన్ నడిచేది సుమారు 1.2 గంటలు అనుకొందాం. మిగిలిన 48 నిమిషాలలో ఏం జరుగుతుంది? మొదట ఇవాళ ఏం చేయబోతున్నామో నల్లబల్ల మీద గీసి చెప్పాలి. వాతావరణ నివేదిక చదివించాలి. విమానం చుట్టూ తిరిగి ఇంధనం, నూనె, రెక్కలు పరీక్షించడం చూడాలి. దిగిన తరువాత ఏది కుదిరింది, ఏది కుదరలేదు, ఎందుకు అన్నది మాట్లాడుకోవాలి. చిన్న విమానం కాక్‌పిట్ తరగతి గదిగా పనికిరాదు. శబ్దం, రేడియోలో మాటలు, చేతినిండా పని. అక్కడ కొత్త సంగతి వివరిస్తే విద్యార్థి తల ఊపుతాడు గాని తలకెక్కించుకోడు. నేర్చుకోవడం ఎక్కువ భాగం నేల మీదే జరుగుతుంది, గాలిలో జరిగేది దాన్ని సరిచూసుకోవడం.

మీటరు తిరిగినంతసేపే డబ్బు అన్నప్పుడు ఆ 48 నిమిషాలూ శిక్షకురాలికి ఉచిత సేవ అవుతాయి. మంచి మనిషి కొన్నాళ్లు ఉచితంగా చేస్తుంది. తరువాత 48 నిమిషాలు 30 అవుతాయి, 15 అవుతాయి. చివరికి "పద, ఎగురుతూ మాట్లాడుకొందాం" అవుతుంది. ఆమె నీతి తప్పిందని కాదు. లెక్క ఆమెను అటు నెట్టింది. ఇంజిన్ నడుపుతూ రన్‌వే పక్కన నిలబడి పాఠం చెప్పే శిక్షకులు కూడా ఇలాగే తయారవుతారు. అక్కడ విద్యార్థి శిక్షకుడికీ విమానానికీ కలిపి చెల్లిస్తూ, నేల మీద కుర్చీలో వినదగిన మాట వింటున్నాడు. గట్టు ఎక్కడ వేయాలో జేసీబీ ఇంజిన్ ఆపకుండా మాట్లాడుకోవడం గుర్తుకు తెచ్చుకోండి.

ఇప్పుడు రెండు పద్ధతులలో రేటు చూద్దాం. మీటరు ప్రకారం అయితే 540 పాఠాలకు 648 గంటలు. 64,100ను 648తో భాగిస్తే గంటకు సుమారు 99 డాలర్లు. విద్యార్థితో గడిపిన మొత్తం సమయానికి బిల్లు వేస్తే 1,080 గంటలు, గంటకు సుమారు 60 డాలర్లు. రెండింటిలోనూ ఏడాది వసూలు ఒక్కటే, పాఠానికి సుమారు 119 డాలర్లు. రేటు పలికే తీరు వేరు, నేర్పే తీరు వేరు.

మొదట అనుకొన్న "40 అడిగితే మిగులే" అన్న మాట కూడా పరీక్షిద్దాం. మీటరు ప్రకారం 40 డాలర్లు అయితే ఏడాదికి 25,920. ఖర్చులు 8,200 పోతే 17,720. స్వయం ఉపాధి పన్ను పోతే సుమారు 15,200. విద్యార్థితో గడిపిన 1,080 గంటలతో భాగిస్తే గంటకు 14 డాలర్లు. ఆరోగ్య బీమా ఇంకా కట్టలేదు.

నా అభిప్రాయంలో మొత్తం సమయానికి బిల్లు వేయడమే సరైన పద్ధతి. దీనికి ఒక అభ్యంతరం ఉంది. మాటకారి శిక్షకుడు నేల మీద కూర్చుని కబుర్లతో గంటలు పెంచవచ్చు కదా? నిజమే. అందుకే కొందరు పాఠానికి ఇంత అని స్థిరమైన రుసుము పెడతారు. రెండు గంటల సమయం నాది, ఆ రెండు గంటలూ నీవి, ఎలా వాడుకోవాలో పాఠాన్ని బట్టి చూద్దాం అన్న ఒప్పందం. అప్పుడు తొందరపెట్టినా, సాగదీసినా శిక్షకురాలికి ఒరిగేది ఏమీ లేదు.

రద్దయిన పాఠాలు

180 పాఠాలు రద్దవుతున్నాయి అన్నాం. చెప్పకుండా రాకపోయిన విద్యార్థి దగ్గర రుసుము తీసుకోవడం న్యాయమే. ఆ సమయాన్ని ఇంకొకరికి ఇచ్చే అవకాశం పోయింది. అవకాశ వ్యయానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ దొరకదు. కనీసం 24 గంటల ముందు చెప్పాలన్న నియమం మొదటి రోజే రాతపూర్వకంగా ఇస్తే తరువాత మొహమాటం ఉండదు.

వాతావరణం బాగాలేక రద్దయిన పాఠానికి మాత్రం డబ్బు తీసుకోకూడదు. ఇందులో దయ కంటే బోధన ఎక్కువ ఉంది. "ఇవాళ వద్దు" అని చెప్పగలగడం పైలట్ నేర్చుకోవలసిన విద్యలలో ఒకటి. ఆ మాట చెప్పినందుకు జరిమానా పడుతుందని తెలిస్తే విద్యార్థి సందేహమున్న రోజు కూడా ఎగరడానికే మొగ్గుతాడు. శిక్షకురాలి వైపు నుంచీ అదే ప్రమాదం ఉంది. ఈ వారం నాలుగు పాఠాలు పోయాయి, అద్దె కట్టాలి, మబ్బు కొంచెం కిందికి ఉన్నా ఫరవాలేదు అనిపిస్తుంది. చాలీచాలని రేటు ఆమె తీర్పును ఎక్కడ తాకుతుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. సురక్షితమైన నిర్ణయం తీసుకోగల వెసులుబాటు రేటులోనే ఉండాలి. నాలుగో వంతు రద్దవుతుందని ముందే లెక్కలో వేసుకోవడం అందుకే.

ఇంకో ఉపాయం ఉంది. మబ్బు పట్టిన రోజును నేల పాఠంగా మార్చడం. నావిగేషన్, నిబంధనలు, రేడియో సంభాషణ, రాత పరీక్ష తయారీ నేల మీద నేర్పవలసినవే. రద్దయిన 180 పాఠాలలో 60 ఇలా మారితే 120 గంటలు కలిసి మొత్తం 1,200 గంటలవుతాయి. కావలసిన రేటు 60 నుంచి సుమారు 53.50 డాలర్లకు దిగుతుంది. రేటు పెంచకుండానే ఆదాయం నిలబెట్టుకొనే మార్గాలలో ఇది మొదటిది.

విద్యార్థి జేబు నుంచి చూస్తే

రేటు 50 నుంచి 60కి పెంచితే విద్యార్థులు పారిపోతారా? దీనికి జవాబు శిక్షకురాలి రేటును ఒక్కదాన్నే చూస్తే దొరకదు. విద్యార్థికి శిక్షణ, విమానం పూరక వస్తువులు. ఒకటి కొంటే రెండోది కొనక తప్పదు. విమానం అద్దె ఇంధనంతో కలిపి గంటకు 170 డాలర్లు అనుకొందాం. 65 గంటలకు 11,050 డాలర్లు. నేల పాఠాలతో కలిపి శిక్షకురాలి సమయం 80 గంటలైతే, 50 చొప్పున 4,000, 60 చొప్పున 4,800. తేడా 800. ఎగిరే ముందు, దిగిన తరువాత పాఠం సరిగా జరిగి 65 గంటల పని 60 గంటలలో ముగిస్తే విమానం అద్దెలో మిగిలేది 850. అంటే ఖరీదైన శిక్షకురాలు మొత్తం మీద చౌకగా పడింది. మొత్తం ఖర్చులో శిక్షకురాలి వాటా మూడో వంతు లోపే కనుక, ఆమె రేటు 20 శాతం పెరిగినా విద్యార్థి మొత్తం బిల్లు పెరిగేది 5 శాతం పైచిలుకు మాత్రమే. డిమాండు వ్యాకోచత్వం తక్కువగా ఉండడానికి ఇది ఒక కారణం.

ఈ లెక్క విద్యార్థికి చూపించాలి. చూపించకపోతే అతనికి కనిపించేది గంట రేటు అంకె ఒక్కటే.

రకరకాల విద్యార్థులు, ఒక సంతకం

సొంత విమానం ఉన్న యజమానికి దానిలోని ప్రత్యేక పరికరాలు నేర్పడం, మబ్బులలో పరికరాల సాయంతో నడపడం నేర్పడం వంటివాటికి ఎక్కువ రేటు అడగడంలో తప్పు లేదు. అవి నేర్పగలవారు తక్కువ. ఊరికి దూరంగా వెళ్లి వారం రోజులు ఒక్కరికే నేర్పేవారు రోజు రేటు పెట్టుకొంటారు, ఆ వారం మిగతా విద్యార్థులను వదులుకొంటున్నారు కనుక.

ఫ్లైట్ రివ్యూ దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. అమెరికాలో పైలట్లు 24 నెలలకొకసారి శిక్షకుడి దగ్గర కనీసం ఒక గంట నేల పాఠం, ఒక గంట విమాన శిక్షణ తీసుకొని సంతకం పొందాలి. "రివ్యూకు ఇంత" అని స్థిరమైన మొత్తం చెబితే, వచ్చినవారు ఆ డబ్బుకు సంతకం కొనుక్కొన్నట్లు భావిస్తారు. రెండు గంటలలో నైపుణ్యం సరిపోలేదని తేలితే ఏం చేయాలి? ఇంకో పాఠం కావాలంటే తగాదా, సంతకం పెట్టేస్తే ప్రమాదం. పాఠానికి స్థిరమైన రుసుము మంచిదని పైన చెప్పిన నేనే ఇక్కడ గంట రేటు మేలంటున్నాను. కారణం, ఇక్కడ అమ్మేది సమయం, సంతకం కాదు. సంతకానికి ధర ఉండకూడదు. గంటలకే ధర కట్టినప్పుడు "ఇంకో గంట కావాలి" అనడం సులువవుతుంది.

రేటు మార్చేటప్పుడు సగం దారిలో ఉన్న విద్యార్థిని పాత రేటుతోనే పూర్తిచేయించి, కొత్తవారికి కొత్త రేటు చెప్పడం మర్యాద. ఏడాదికొకసారి లాగ్‌బుక్‌నూ బ్యాంకు ఖాతానూ పక్కపక్కన పెట్టుకొని, అనుకొన్న 540 పాఠాలు నిజంగా జరిగాయా అని చూసుకోవాలి. లెక్కలో తప్పు సాధారణంగా ఖర్చులలో ఉండదు, గంటలలో ఉంటుంది.

అభ్యాసం

1. ఒక శిక్షకుడికి వేరే ఉద్యోగం ఉంది. శని, ఆదివారాలలో రోజుకు రెండు పాఠాలు, ఏడాదికి 45 వారాలు పెట్టుకొన్నాడు. మూడో వంతు రద్దవుతాయి. వృత్తి ఖర్చులు 5,000 డాలర్లు. స్వయం ఉపాధి పన్ను పోగా 9,000 డాలర్లు మిగలాలి. రెండు గంటల పాఠానికి ఎంత రుసుము తీసుకోవాలి? బీమా వంటి స్థిర వ్యయాలు అతని రేటును పూర్తికాల శిక్షకురాలి రేటుతో పోలిస్తే ఎలా మారుస్తున్నాయో గమనించండి. (జవాబు: జరిగే పాఠాలు 120, పాఠానికి సుమారు 129 డాలర్లు.)

2. మీ ఊరిలో గంటకు గాని, రోజుకు గాని డబ్బు తీసుకొనే ఒక వ్యక్తితో మాట్లాడండి. జేసీబీ డ్రైవరు, బోరు మెకానిక్, ట్యూషన్ చెప్పేవారు, ఎవరైనా సరే. ఒక వారంలో వారు పనికి పెట్టిన మొత్తం గంటలెన్నో, డబ్బు వచ్చిన గంటలెన్నో విడివిడిగా రాయండి. వారు డబ్బు తీసుకోకుండా చేస్తున్న పనిలో, మానేస్తే కొనుగోలుదారుకు నష్టం కలిగించేది ఏది?